కోటు కుట్టు (హైదరాబాద్ పాతబస్తీ)

ఒంటి కొలతకు కత్తిరించి, లోపల కాన్వాసు, ప్యాడు, అస్తరు వేసి, వేడితోనూ తడితోనూ ఆకారానికి తెచ్చి కుట్టే పైవస్త్రం కోటు. బ్లేజరు, సూటు కోటు, బంద్‌గలా, వకీళ్ళ నల్లకోటు, షేర్వాణీ అన్నీ ఈ కుదురులోవే. చొక్కాకూ కోటుకూ అసలు తేడా బట్ట మందంలో లేదు. చొక్కా ఒంటి మీద పడ్డాకే దానికో రూపం వస్తుంది. కోటు కొయ్యకు తగిలించి ఉన్నా ఛాతీ పొంగునూ భుజం వాలునూ వదులుకోదు. ఆ నిలకడ బయటికి కనిపించే బట్టది కాదు, లోపల దాగిన పొరలది. కోటు కుట్టడం కష్టమన్న పేరు కూడా ఆ కనిపించని పని వల్ల వచ్చిందే.

హైదరాబాద్ పాతబస్తీకి ఈ పని కొత్త కాదు. షేర్వాణీ ఈ నగరపు వేషంగా ఉన్న రోజుల నుంచీ ఇక్కడి దర్జీలకు కోటు లోపలి మర్మం తెలుసు. గౌలిపుర లాంటి పేటల్లో ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు, చుడీదార్లు కుట్టే చేతులకు ఆ మర్మంలో సగం ముందే తెలుసు. మిగతా సగం ఏమిటన్నదే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు తీసుకుంటుంది.

పేర్లు

ఇంగ్లీషు జాకెట్ తెలుగులోకి వచ్చి మగవాళ్ళ పైకోటును వదిలేసింది, ఆడవాళ్ళ రవిక మీద స్థిరపడింది. మగవాళ్ళ దానికి కోటు అనే మాట మిగిలింది. ఈ మాటల మార్పిడిలో ఒక నిజం కూడా ఉంది. తెలుగు ఇళ్ళలో కొలతకు అతికినట్టు కుట్టే వస్త్రం ఏదైనా ఉంటే అది రవికే. చంక రౌండు, భుజం, డాట్లు ఎక్కడ అంగుళంలో నాలుగో వంతు తేడా వచ్చినా అది ఒంటి మీద నిలవదు. చొక్కాలు కుట్టే దర్జీ కంటే జాకెట్లు కుట్టే ఆమే కోటుకు దగ్గరగా ఉందని చెప్పవచ్చు.

బ్లేజరు అనే పేరు పుట్టుకకు రెండు కథలున్నాయి. కేంబ్రిడ్జిలో లేడీ మార్గరెట్ బోట్ క్లబ్బు పడవ పందెగాళ్ళు తొడిగిన మండే ఎరుపు కోట్ల నుంచి వచ్చిందన్నది ఒకటి. 1837లో విక్టోరియా రాణి తనిఖీకి వస్తున్నదని బ్లేజర్ అనే యుద్ధనౌక కెప్టెన్ తన నావికులకు నీలం కోట్లు కుట్టించాడన్నది రెండోది. మొదటిది నమ్మదగ్గది. రెండోది చెప్పుకోవడానికి బాగుంటుంది. ఇప్పుడు బ్లేజరంటే పాంటుతో జత కలవాల్సిన పని లేని విడి కోటు. సూటు కోటుకు అదే బట్ట పాంటు ఉండాలి.

షేర్వాణీ మోకాళ్ళ దాకా దిగే, మెడ దగ్గర నిలువు కాలరుతో ముందు బొత్తాలతో మూసుకునే కోటు. అచ్కన్ దీనికి దగ్గరి చుట్టం, కాస్త తేలిక. బంద్‌గలా అంటే అదే నిలువు కాలరును నడుము కింద దాకా ఉండే పొట్టి కోటుకు పెట్టినది. జోధ్‌పురి అన్నా అదే.

హైదరాబాదు కోటు

షేర్వాణీ 19వ శతాబ్దంలో ఉత్తర భారతపు అంగరఖా, అచ్కన్‌లకూ ఇంగ్లీషు వాళ్ళ ఫ్రాక్ కోటుకూ కలిసిన రూపం. అంగరఖాకు పక్కన కట్టుకునే తాళ్ళుండేవి. ఫ్రాక్ కోటు నుంచి నిలువు బొత్తాల వరుస, కుదించిన భుజం, విడిగా కత్తిరించి అతికే చెయ్యి వచ్చాయి. 1853 నుంచి 1883 దాకా దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగు కాలంలో కచేరీల నడకతో పాటు దర్బారు వేషమూ మారుతూ వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలానికి, అంటే 1869 నుంచి 1911 మధ్య, షేర్వాణీ పైఅధికారుల ఒంటి మీద మామూలైపోయింది. దర్బారులో దస్తారు తలపాగా, బయట రూమీ టోపీ దానికి తోడు. రాజా దీన్ దయాళ్ స్టూడియో తీసిన ఫోటోలు చూస్తే ఆ కాలపు భుజం ఎలా కుట్టారో అంచనా వేయవచ్చు. ముడత లేని ఛాతీ చూడగానే లోపల గట్టి పొర ఉందని అర్థమవుతుంది.

ఇది ముస్లింల వేషమన్నది తర్వాతి అపోహ. హైదరాబాద్ రాజ్యంలో వకీళ్ళు, ఉద్యోగులు, జాగీర్దార్లు హిందువులైనా ముస్లింలైనా షేర్వాణీ తొడిగారు. రెండు సార్లు రాజ్యపు ప్రధాన పదవిలో ఉన్న మహారాజా కిషన్ పర్షాద్ షేర్వాణీలోనే జనానికి గుర్తు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం తొలి దశాబ్దాల బృంద చిత్రాల్లో వరుసలు వరుసలుగా షేర్వాణీలే కనిపిస్తాయి. వాటికి ఇష్టపడిన బట్టల్లో ఒకటి హిమ్రూ. నూలూ పట్టూ కలిపి పూల నేతతో ఔరంగాబాదులో నేసేవారు. ఔరంగాబాదు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది.

మహబూబ్ అలీఖాన్ ఒకసారి తొడిగిన బట్ట మళ్ళీ తొడిగేవాడు కాదని చెప్పుకుంటారు. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఆయన బట్టల బీరువాలు రెండు అంతస్తుల్లో ఒక పెద్ద హాలు పొడవునా సాగిపోతాయి. ఆయన కొడుకు, ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్, దీనికి పూర్తిగా ఎదురు. అంతటి ధనవంతుడు నలిగిన పాత షేర్వాణీతో తిరిగేవాడన్నది నగరం ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకునే మాట. కుట్టు దృష్టితో చూస్తే మాత్రం కొడుకు కోటే ఎక్కువ పాఠం చెబుతుంది. ఏళ్ళ తరబడి తొడిగినా మెడా భుజమూ జారకుండా నిలిచిందంటే లోపల చేతి కుట్టు బాగుందని అర్థం.

ఇప్పుడు షేర్వాణీ పెళ్ళిబట్ట. పత్తర్‌గట్టీ, మదీనా బిల్డింగు, లాడ్ బజారు చుట్టూ పెళ్ళికొడుకుల షేర్వాణీలు అద్దాల వెనక వేలాడుతుంటాయి. తెలుగు పెళ్ళిళ్ళలో పీటల మీద పట్టుపంచె, మర్నాడు రిసెప్షనులో సూటు అన్నది స్థిరపడిన పద్ధతి. ఇవి కాక కోటు ఏడాది పొడవునా నడిచే చోటు కోర్టు. బార్ కౌన్సిల్ నియమాలు మగ వకీళ్ళకు నల్లటి బొత్తాల కోటుతో పాటు చప్కన్, అచ్కన్, నల్ల షేర్వాణీలను కూడా అనుమతిస్తాయి. అంటే మూసీ ఒడ్డున 1920లో ప్రారంభమైన హైకోర్టు భవనంలో షేర్వాణీ తొడిగి వాదించడం ఇవాళ్టికీ నియమాల ప్రకారం సరైనదే.

గౌలిపుర, మేరవాళ్ళు

గౌలిపుర చార్మినారుకు దక్షిణాన, శాలిబండకూ లాల్‌దర్వాజాకూ ఛత్రినాకకూ దగ్గర. మూసీ అవతలి గట్టున ఉన్న గౌలిగూడ వేరు. రెండు పేర్లలోనూ ఉన్న గౌలి అంటే పాలవాళ్ళు. 18వ శతాబ్దంలో మొఘలు సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టగా మొదటి నిజాం ఆసఫ్ జా పూర్తి చేయించిన నగరపు కోటగోడకు గౌలిపుర పేరుతో ఒక దర్వాజా ఉండేది. ఆ దర్వాజాల్లో ఇప్పుడు మిగిలినవి పురానాపూల్, దబీర్‌పురా రెండే. పాతబస్తీలో తెలుగు గట్టిగా వినిపించే పేటల్లో గౌలిపుర ఒకటి. ఆషాఢం బోనాలప్పుడు ఈ చుట్టుపక్కలంతా జాతరే. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కనుక కోటు పనికి సెలవు, లంగా ఓణీలకు గిరాకీ. కోటు నేర్చుకోవాలనుకునేవాళ్ళకు మాష్టరు తీరిగ్గా దొరికేది ఆ నెలలోనే.

తెలంగాణలో కుట్టుపని కులవృత్తిగా ఉన్నవాళ్ళు మేరవాళ్ళు. చిప్పోళ్ళనీ పిలుస్తారు. పాతబస్తీలో ఉర్దూ మాట్లాడే దర్జీలు, తెలుగు మేరవాళ్ళు పక్కపక్కనే పని చేయడం వల్ల ఇక్కడి కుట్టు భాష రెండిటి కలగలుపు. అస్తరు, బకరం, కాజా, బఖియా, తురుపాయి, కచ్చా కుట్టు, సీదా, ఉల్టా అన్నవి తెలుగు ఇంట్లోనూ అవే మాటలు. పడుగు, పేక, ఐమూల మాత్రం తెలుగు మాటలే. ఈ మూడు మాటలూ కోటు కుట్టేవాళ్ళకు రోజూ పనికొస్తాయి.

నేర్చుకునే దారులు మూడున్నాయి. మొదటిది మాష్టరు దగ్గర చేరి కాజాలతో మొదలుపెట్టి ఏళ్ళకు కత్తెర అందుకునే పాత దారి. రెండోది సంస్థలు. జంట నగరాల యువతకు ఉపాధి శిక్షణ కోసం 1978లో ఏర్పడిన సెట్విన్‌కు పురానీ హవేలీలో కేంద్రం ఉంది. నిజాం బట్టల బీరువాలూ కుట్టు నేర్పే తరగతులూ ఇలా ఒకే పేటలో పడటం యాదృచ్ఛికమే అయినా ముచ్చటగా ఉంటుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పరీక్షల విభాగం టైలరింగ్, ఎంబ్రాయిడరీలో లోయర్, హయ్యర్ పరీక్షలు పెడుతుంది. మూడో దారి ఇంట్లోనే తప్పులు చేసి నేర్చుకోవడం. దీనికి ఖర్చయ్యేది బట్ట.

బట్ట

38 నుంచి 40 అంగుళాల ఛాతీకి, 58 అంగుళాల పన్నా బట్ట అయితే మగ బ్లేజరుకు సుమారు 2 నుంచి 2.25 మీటర్లు చాలు. షేర్వాణీకి మీటరుకు పైగా ఎక్కువ పడుతుంది. చేనేత బట్టల పన్నా తక్కువ కాబట్టి పోచంపల్లి ఇక్కత్‌తో బ్లేజరు కుట్టాలంటే 3 మీటర్లు తీసుకోవాలి. గళ్ళు ముందు రెండు పలకల్లోనూ కలవాలి కనుక ఇంకొంచెం ఎక్కువే మేలు. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ ఇక్కత్ కోటుగా ఎంతో నిండుగా ఉంటుంది. కానీ నేత వదులుగా ఉంటే అంచులు దారాలై రాలిపోతాయి. కత్తిరించకముందే వెనక పల్చటి ఫ్యూజింగ్ (వేడితో అంటుకునే పొర) అంటించుకోవడం మంచిది.

మొదటి కోటుకు ఉన్నికి మించినది లేదు, హైదరాబాదు ఎండల్లో కూడా. ఈ మాట వింటే చాలామంది నమ్మరు. మామూలు గాలిలో ఉన్ని తన బరువులో సుమారు 16 శాతం తేమను పట్టి ఉంచుకుంటుంది. పాలిస్టరుకు ఆ గుణం 0.4 శాతమే. ఆవిరి తగిలితే ఉన్ని ముడుచుకుంటుంది, సాగుతుంది, నొక్కిన ఆకారంలోనే ఆరిపోతుంది. అందుకే కుట్టులో జరిగిన చిన్న తప్పును ఇస్త్రీ దిద్దగలుగుతుంది. చవకగా దొరుకుతుందని పాలిస్టరు కలిసిన సూటింగు కొంటే ఆ అవకాశం చాలావరకు పోతుంది. గళ్ళు, చారలు, మఖ్మలు మొదటిసారి వద్దు. నల్లరంగు కూడా వద్దు, రాత్రి దీపం కింద నల్లబట్ట మీద నల్లదారం కనిపించదు.

కొన్న బట్టను ముందు తడపాలి. జాకెట్టు అస్తరును బకెట్లో నానబెట్టడం ప్రతి ఇంట్లో తెలిసిన పనే. ఉన్నిని మాత్రం అలా ముంచకూడదు. తడి గుడ్డ పరిచి మీద ఇస్త్రీ పెట్టి ఆవిరి పట్టిస్తే ముడుచుకోవాల్సినంత అప్పుడే ముడుచుకుంటుంది. కాన్వాసు, భుజాల మీద వేసే పట్టీ కూడా తడిపి ఆరబెట్టాలి. లేకపోతే మొదటి వానకు లోపలి పొర కుంచించుకుపోయి పై బట్ట ఉబ్బుతుంది.

కొలతలు, కోరా బట్ట

ఛాతీ, నడుము, సీటు, భుజం, వీపు అడ్డం, మెడ వెనక ఎముక నుంచి నడుము దాకా వీపు పొడవు, చెయ్యి పొడవు ముఖ్యం. కోటు కింద తొడిగే చొక్కా మీదనే తీయాలి. 38 ఛాతీ మనిషికి కుట్టి పూర్తయిన కోటు ఛాతీ సుమారు 41 నుంచి 42 అంగుళాలు ఉంటుంది. మెడ వెనక ఎముక నుంచి నేల దాకా కొలిచి అందులో సగం కోటు పొడవుగా పెట్టడం పాత లెక్క. ఇప్పటి పొట్టి కోట్లకు దానికి ఒకటి రెండు అంగుళాలు తగ్గిస్తున్నారు. రెండు భుజాలూ సమానంగా ఉన్న మనిషి అరుదు. ఒకటి కొంచెం కిందికి వాలి ఉంటుంది. అటువైపు ప్యాడులో ఒక పొర ఎక్కువ వేస్తే సరిపోతుంది.

మన దేశంలో కోటు గీతకు ఎక్కువ మంది వాడేది ఛాతీ కొలతను భాగాలు చేసి మిగతావి లెక్కగట్టే పద్ధతి. బొంబాయి జారాప్కర్ పద్ధతి పేరు కటింగ్ మాష్టర్లలో చాలామందికి తెలుసు. ఛాతీలో నాలుగో వంతు, ఎనిమిదో వంతు అంటూ సాగే ఈ లెక్క జాకెట్టు కత్తిరించేవాళ్ళకు కొత్తగా ఉండదు.

నేరుగా మంచి బట్ట మీద కత్తెర పెట్టడం ఇంట్లో కుట్టేవాళ్ళు తరచూ చేసే మొదటి తప్పు. ముందు కోరా బట్టతోనో పాత దుప్పటితోనో ఒక కోటు కుట్టి తొడిగి చూడాలి. కాలరు అక్కర్లేదు, అస్తరు అక్కర్లేదు, ఒక చెయ్యి చాలు. తొడిగాక ముడతలు ఎటు లాగుతున్నాయో చూడాలి. మెడ కింద అడ్డంగా మడత పడితే కోటు భుజం వాలు ఎక్కువైందని. చెయ్యెత్తినప్పుడు కోటంతా పైకి లేస్తే చంక మరీ కిందికి దిగిందని. చంక దింపితే సుఖంగా ఉంటుందనుకుంటారు కానీ నిజం తలకిందులు. చంక ఎంత పైకి ఉంటే చెయ్యి అంత స్వేచ్ఛగా ఆడుతుంది. జాకెట్లు కుట్టేవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు.

ఆడవాళ్ళ బ్లేజరు ఇంకా సులువు. ప్రిన్సెస్ కట్ జాకెట్టు వచ్చినవాళ్ళకు ఆ పలకలే పొడిగిస్తే బ్లేజరు ముందుభాగం తయారు.

లోపలి పొర

కోటు కుట్టులో అసలు పని ఇక్కడ మొదలవుతుంది. పాత పద్ధతిలో ముందు పలక వెనక నూలూ ఉన్నీ మేక వెంట్రుకలూ కలిపి నేసిన కాన్వాసు వేస్తారు. ఛాతీ భాగంలో గుర్రపు వెంట్రుకల పోగులున్న గట్టి ముక్క ఒకటి అదనం. అడ్డంగా ఉన్న ఆ వెంట్రుకలు స్ప్రింగులా పనిచేస్తాయి. ఛాతీ ముందుకు పొంగి ఉంటుంది, నిలువునా మాత్రం మెత్తగా వంగుతుంది. ఈ కాన్వాసును అతికించరు. పై బట్ట పోగు ఒక్కటే సూదికి తగిలేలా ఐమూలగా వందలాది చిన్న కుట్లు వేస్తారు. లాపెల్ (కాలరు కింద ఛాతీ మీద బయటికి మడిచే అంచు) మీద ఈ కుట్లు వేసేటప్పుడు బట్టను వేలి మీద వంచి పట్టుకుంటారు. అలా వంచి కుట్టినందువల్ల లాపెల్ కాగితంలా మడత పడకుండా గుండ్రంగా దొర్లుతుంది. బట్టను బల్ల మీద పరిచి అవే కుట్లు వేస్తే అది రాదు.

మడత గీత వెంట ఒక నూలు పట్టీని, గీత కంటే పావు అంగుళం పొట్టిగా లాగి కుడతారు. బరువైన ఛాతీ ఉన్నవాళ్ళకు అర అంగుళం. ఈ చిన్న మోసం వల్లే లాపెల్ ఛాతీకి అంటుకుని ఉంటుంది, తెరుచుకుని వేలాడదు.

రెండో పద్ధతి ఫ్యూజింగ్. వెనక జిగురు చుక్కలున్న పొరను వేడితో అంటించడం. రెడీమేడ్ కోట్లలో ఎక్కువ వాటికి ఇదే. ఇంట్లోనూ పని తొందరగా తెమిలేది దీనితోనే. ఇస్త్రీని జరపకూడదు, పైకెత్తి పక్కన పెట్టి నొక్కాలి. ఒక్కో చోట 10 నుంచి 15 సెకన్లు. మధ్యలో తడి గుడ్డ. అయ్యాక చల్లారేదాకా బట్టను ఎత్తకూడదు. ఈ చివరి మాటను నేనూ ఒకసారి పట్టించుకోలేదు. వేడి మీదే తిప్పి చూశాను, నెల తిరగకముందే ఛాతీ మీద పొక్కుల్లా గాలి బుడగలు లేచాయి. ఒకసారి లేచిన బుడగను మళ్ళీ అంటించే మందు లేదు.

నా సలహా రెండూ కలపడం. ముందు పలక అంతటికీ పల్చటి ఫ్యూజింగ్, ఛాతీకీ లాపెల్‌కూ మాత్రం విడి కాన్వాసు, చేతి కుట్టు. పాతబస్తీలో చాలా దుకాణాలు చేసే పని కూడా ఇదే. అసలు లాపెల్ లేని కోటుతో మొదలుపెట్టడం ఇంకా తెలివైన పని. నెహ్రూ జాకెట్‌కు చేతులు లేవు, లాపెల్ లేదు. తర్వాత బంద్‌గలా. నిలువు కాలరుకు బకరం ముక్క గుండ్రంగా కత్తిరించి వేస్తే చాలు. బ్లేజరు మూడోదిగా కుట్టాలి. హైదరాబాదు దర్జీలు షేర్వాణీలో చేయి తిరిగాకే సూటుకు దిగారన్నది చూస్తే ఈ వరస సహజమనిపిస్తుంది.

జేబులు

పక్క జేబులకు బోన్ పాకెట్ అంటారు. మంచి బట్ట మధ్యలో కత్తెరతో చీల్చాలి కాబట్టి అందరూ భయపడేది దీనికే. ముందు అయిదారు సార్లు ముక్కల మీద చేసి చూడాలి. చివర త్రిభుజాల గాట్లు కుట్టు దాకా వెళ్ళాలి, కుట్టును తెంపకూడదు. అంతకంటే ఇందులో రహస్యం లేదు. ఛాతీ జేబు కుట్టలేకపోతే వదిలేయవచ్చు, కోటుకు అది లోటు కాదు.

చెయ్యి

మంచి కోటును కుట్టుపని తెలిసినవాళ్ళు మొదట చూసేది చెయ్యి ఎలా వేలాడుతోందనే. కోటు చెయ్యి రెండు పలకలది. పై పలక, కింది పలక. మోచేతి దగ్గర సహజమైన వంపు దానివల్ల వస్తుంది. చెయ్యి పైభాగపు చుట్టుకొలత చంక చుట్టుకొలత కంటే కావాలనే ఎక్కువ పెడతారు. ఉన్నికి ఒకటిన్నర అంగుళం దాకా, పాలిస్టరు కలిసిన బట్టకు ముప్పావు నుంచి ఒక అంగుళం. ఈ అదనాన్ని ముడత కనిపించకుండా లోపలికి మింగించడమే పని. రెండు వరుసల కచ్చా కుట్టు వేసి దారం లాగి, గుండ్రంగా చుట్టిన తువ్వాలు మీద పెట్టి ఆవిరి పట్టిస్తే ఉన్ని ముడుచుకుంటుంది. పాలిస్టరు ముడుచుకోదు. అందుకే దానికి తక్కువ పెట్టమన్నది.

మనిషి నిలబడితే చేతులు కొంచెం ముందుకు వేలాడతాయి. చెయ్యిని చంకలో ఆ కోణానికి తిప్పి గుచ్చాలి. కచ్చా కుట్టు వేసి, కోటు తొడిగించి, వెనకా ముందూ తిప్పి చూసి ఆ తర్వాతే మిషను. అద్దం ముందు ఒంటరిగా ఈ పని కుదరదు. ఇంట్లో ఇంకొకరు కావాలి. చెయ్యి పైన లోపలివైపు ఐమూలగా కత్తిరించిన దూది పట్టీ ఒకటి కుడితే భుజం దగ్గర చెయ్యి మొదలు గుండ్రంగా నిలుస్తుంది. రెడీమేడ్ కోటులో భుజం కొస గుంటపడినట్టు కనిపిస్తే ఈ పట్టీ లేదనో, నాసిరకమనో అనుకోవచ్చు.

మిషను, సూది, ఇస్త్రీ

కోటుకు గొప్ప మిషను అక్కర్లేదు. సింగర్ 1851లో అమెరికాలో పేటెంటు తీసుకున్న నాటి నుంచి మూల సూత్రం మారలేదు. 1930ల్లో కలకత్తాలో జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ తయారీ మొదలుపెట్టిన ఉషా మిషన్లు తెలుగు ఇళ్ళలో ఇంకా నడుస్తున్నాయి. కాళ్ళతో తొక్కే నల్లమిషను నిటారు కుట్టు ఒక్కటే వేసినా సరే. కోటులో జిగ్‌జాగ్ అవసరం దాదాపు లేదు, అంచులన్నీ అస్తరు కింద దాగిపోతాయి. ఉన్నికి 14 లేదా 16 నంబరు సూది, అస్తరుకు 11. అంగుళానికి పది, పన్నెండు కుట్లు. సందు కొట్లలో బొగ్గుల ఇస్త్రీ పని ఇప్పుడు తగ్గింది కానీ దాని బరువు కోటుకు వరంలా ఉండేది. కరెంటు ఇస్త్రీ తేలిక కనుక చెక్క దిమ్మె ఒకటి పక్కన ఉంచుకోవాలి. తడి గుడ్డ మీద ఆవిరి పట్టించి, ఇస్త్రీ తీసేసి, వెంటనే దిమ్మెతో ఆవిరిని బట్టలో నొక్కి చల్లారేదాకా ఉంచితే అంచు కత్తిలా వస్తుంది.

ప్రతి కుట్టునూ వేసిన వెంటనే ఇస్త్రీ చేయాలి, తర్వాత అన్నీ కలిపి చేద్దామంటే కుదరదు. మొదట కుట్టు వేసినట్టే మూసి, తర్వాత లోపలి బట్టను రెండు వైపులా విప్పి. వంపు ఉన్నచోట గుండ్రటి దిండు మీద. రంపపు పొట్టు నింపి కుట్టిన గట్టి దిండు ఇందుకు వాడతారు. ఇంట్లో దానికి బదులు బిగించి చుట్టిన తువ్వాలు. కోటుకు పట్టే సమయంలో మిషను మీద గడిచేది తక్కువే. లండన్ సావిల్ రో దర్జీలు ఒక సూటుకు కనీసం 50 గంటల చేతిపని లెక్కగడతారు. ఇంట్లో మొదటి కోటుకు అంతకు తక్కువ అనుకోవడం అత్యాశ.

అస్తరు, కాజా

అస్తరు పై బట్ట కంటే వెడల్పుగా ఉండాలి. వీపు మధ్యలో ఒక అంగుళం మడత వదిలితే చేతులు ముందుకు చాచినా చిరగదు. ఎండాకాలం కోటుకు వీపు పైభాగానికే అస్తరు వేసి కింద వదిలేయవచ్చు. అప్పుడు లోపలి కుట్లన్నిటికీ పైపింగు వేయాలి. అది కుట్టేవాళ్ళకు అదనపు పని, తొడిగేవాళ్ళకు చల్లదనం.

చేతి కాజా విడి విద్య. పాత షాపుల్లో దానికి వేరే మనిషి ఉండేవాడు. ముందు కాజాకు చీలిక పెట్టి, అంచు వెంట గట్టి దారం ఒకటి ఆనించి, పట్టుదారంతో ముడి ముడిగా కుడతారు. మగవాళ్ళ కోటుకు కాజా ఎడమ పలకకు, ఆడవాళ్ళ కోటుకు కుడి పలకకు. షేర్వాణీకి కాజాలు ఆరేడు ఉంటాయి కనుక అందులో చేయి తిరిగితే బ్లేజరు కాజాలు లెక్కలోకి రావు. గుండీని బట్టకు అంటించి కుట్టకూడదు, దారంతో కాడలా ఎత్తు వదలాలి. లేకపోతే బొత్తం వేయగానే ముందుభాగం గుంజుకుపోతుంది.

పాత కోటు

పుస్తకం కంటే, వీడియో కంటే మంచి గురువు పనికిరాని పాత కోటు. ఇంట్లో ఎవరి నల్లకోటో, పెళ్ళినాటి సూటో ఉంటుంది. చిన్న బ్లేడుతో అస్తరు కింది అంచు నుంచి విప్పుకుంటూ పోవాలి. ముందు ఫ్యూజింగా, కాన్వాసా అన్నది తెలుస్తుంది. పై బట్టనూ లోపలి పొరనూ వేళ్ళతో పట్టి జరిపినప్పుడు పొరలు విడివిడిగా కదిలితే అది కాన్వాసు. తర్వాత వీపు మధ్య కుట్టు చూడాలి. మంచి దర్జీ అక్కడ అంగుళం దాకా బట్ట మిగిల్చి ఉంటాడు, మనిషి లావెక్కితే విప్పడానికి. భుజం ప్యాడును బయటికి తీసి పొరలు లెక్కపెట్టాలి. లాపెల్ వెనక పట్టీ గీత కంటే ఎంత పొట్టిగా ఉందో టేపుతో కొలవాలి. చెయ్యి పైభాగం విప్పి చంకతో పోల్చి కొలిస్తే ఎంత అదనం మింగించారో అంగుళాల్లో దొరుకుతుంది. విప్పిన ప్రతి ముక్కకూ సుద్దతో నంబరు వేసి, సీదా ఏదో ఉల్టా ఏదో రాసి, కాగితం మీద పరిచి చుట్టూ గీస్తే అదే మొదటి ప్యాటర్ను.